మంది బలం సత్యానికి సాక్ష్యమా? – మానీ జీవిత కథ

మతాల గురించి మాట వస్తే మనలో చాలామందిమి తెలిసో తెలియకో తలలు లెక్కపెడతాం. ఇన్ని కోట్లమంది నమ్ముతున్నారు, అంతా వట్టిదే అయితే ఇంతమంది నమ్ముతారా అని ఒకరంటారు. ఇన్ని దేశాలకు పాకింది, ఇన్ని వందల ఏళ్ళు నిలిచింది, సత్యం లేనిదే నిలుస్తుందా అని ఇంకొకరంటారు. నలుగురితో నారాయణ అనడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. పెళ్ళికీ పేరంటానికీ అది మంచిదే. సత్యాసత్యాలు తేల్చుకోవడానికి కూడా అది పనికొస్తుందా అన్నదే నా సందేహం.

ఈ సందేహంతో లైబ్రరీలో చరిత్ర పుస్తకాలు తిరగేస్తుంటే నాకు మానీ కనిపించాడు. పదిహేడు వందల ఏళ్ళ కిందటి మనిషి. ఆయన ఒక్కడుగా మొదలుపెట్టిన మతం ఉత్తర ఆఫ్రికా నుంచి చైనా సముద్రతీరం దాకా పాకింది. వెయ్యేళ్ళకు పైగా బతికింది. ఇవాళ లోకంలోని మతాల పట్టికల్లో దాని పేరు కూడా కనపడదు. మనం వేసుకునే తలల లెక్క ఎంతవరకు నమ్మదగిందో చూడాలంటే ఈ జీవితం కంటె మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. అందుకే ఆ కథ చెప్తాను.

మానీ క్రీ.శ. 216 ఏప్రిల్ 14న బాబిలోనియాలో పుట్టాడు. అంటే నేటి ఇరాక్ దక్షిణ భాగం. తండ్రి పేరు పత్తీక్, తల్లి పేరు మరియం. తల్లిది పార్థియన్ రాజవంశానికి చుట్టరికం ఉన్న ఇల్లు. తండ్రి దైవచింతన గలవాడు. ఒకనాడు గుడిలో ఉండగా మాంసం మానమని, మద్యం మానమని, స్త్రీ సాంగత్యం మానమని ఏదో వాణి వినపడిందట. ఆయన ఇల్లు విడిచి ఎల్కసాయిలనే ఒక చిన్న సంఘంలో చేరాడు. వాళ్ళకు స్నానమే మతం. రోజూ నీళ్ళలో మునగాలి. తినే కూరగాయల్ని కూడా మంత్రపూర్వకంగా కడగాలి. నాలుగేళ్ళ పిల్లవాడిగా మానీని తండ్రి అక్కడికే తీసుకుపోయాడు. ఇరవై ఏళ్ళు ఆ సంఘంలోనే పెరిగాడు.

ఆయన బాల్యం గురించి ఈ మాత్రం వివరాలు మనకు తెలియడానికి కారణం ఒక బుల్లి పుస్తకం. జర్మనీలోని కొలోన్ విశ్వవిద్యాలయంలో ఉంది. గ్రీకు భాషలో తోలుపత్రాల మీద రాసింది. పుట మొత్తం అగ్గిపెట్టె అంతే ఉంటుంది. అతుక్కుపోయిన ఆ పత్రాల్ని 1969లో విడదీసి చదివారు. మరుసటి ఏడు లోకానికి వెల్లడి చేశారు.

అందులో ఒక ఘట్టం సైన్సు చదివే వాళ్ళంతా చదవదగింది. సంఘంలోని పెద్దలు కూరగాయల్ని కడిగితే పవిత్రమవుతాయంటారు. కుర్రవాడైన మానీ ఒప్పుకోడు. కడిగిన కూరా, కడగని కూరా తిని చూడండి అంటాడు. ఒంట్లో కలిగే బలం, రక్తం, బయటికి పోయే మలం రెంటికీ ఒకేలా ఉంటాయి గదా, మరి మీ కడుగుడు ఏం మార్చినట్టు అని వాదిస్తాడు. రెండు రకాలుగా చేసి చూసి ఫలితాలు పోల్చడం మనకు ల్యాబులో నేర్పే పద్ధతే. అక్కడ సంఘమంతా ఒక వైపు, కుర్రవాడు ఒక వైపు. అయినా మీరు ఎంతమంది అని అతను అడగలేదు. ఫలితం ఏమిటని అడిగాడు. కొందరు అతన్ని మెచ్చుకున్నారు, కొందరు చేయి చేసుకున్నారు.

పన్నెండో ఏట, మళ్ళీ ఇరవై నాలుగో ఏట, తనలాంటి రూపమే గల ఒక దివ్యసహచరుడు తనకు కనిపించాడని మానీ చెప్పుకున్నాడు. రెండోసారి కనిపించాక, క్రీ.శ. 240లో, సంఘం విడిచి బయటికొచ్చాడు. అప్పుడు ఆయన నాకంటె నాలుగేళ్ళే పెద్ద. వెంట వచ్చినవాళ్ళు ఇద్దరు యువకులు. కొన్నాళ్ళకు తండ్రి కూడా వచ్చి కొడుకుకు శిష్యుడయ్యాడు. అంటే ఒక దశలో ఆ మతానికి లోకం మొత్తం మీద ఉన్నది నలుగురే!

ఆ నలుగురి దగ్గర ఉన్న బోధ సరిగ్గా ఇది. సృష్టికి మొదట్లో వెలుగు, చీకటి అని రెండు మూలశక్తులున్నాయి. చీకటి వెలుగు మీద దండెత్తింది. ఆ యుద్ధంలో వెలుగు ముక్కలై పదార్థంలో చిక్కుకుపోయింది. చెట్లలో, పళ్ళలో, మన ఒంట్లో ఉన్నది ఆ వెలుగే. దాన్ని విడిపించి పైకి పంపడమే మనిషి పని. మంచివాడికి కష్టాలెందుకు, దేవుడు మంచివాడైతే చెడు ఎక్కడిది అనే ప్రశ్నకు మానీ దగ్గర సూటి జవాబుంది. చెడు దేవుడు చేసింది కాదు, అది వేరే వేరు నుంచి మొలిచింది. పైరు చేతికొచ్చే వేళకు వాన ముంచితే మా ఊళ్ళో ప్రతి అరుగు మీదా వినపడే ప్రశ్న అదే. దానికి జవాబు చెప్పే మనిషి చుట్టూ జనం చేరడంలో ఆశ్చర్యం లేదు.

మానీ ఓడెక్కి మన దేశం వైపు కూడా వచ్చాడు. ఇప్పటి బలూచిస్తాన్ ప్రాంతంలో తూరాన్ అనే రాజ్యపు రాజు ఆయన మాటకు లొంగాడు. తిరిగి వెళ్ళాక పర్షియా చక్రవర్తి మొదటి షాపూర్ దర్శనం దొరికింది. షాపూర్ మతం మారలేదు గాని, రాజ్యంలో ఎక్కడైనా బోధించుకోవడానికి అనుమతిచ్చాడు. మానీ ఆయన కోసం పర్షియన్ భాషలో ఒక గ్రంథం రాసి రాజు పేరే పెట్టాడు. మిగతా గ్రంథాలు తన సొంత భాష సిరియాక్‌లో రాశాడు. ఆయన చిత్రకారుడు కూడా. చదువురాని వాళ్ళ కోసం తన బోధనంతా బొమ్మల పుస్తకంగా గీశాడు.

ఆయన మేధ ఎంతటిదో పడమటికీ తూర్పుకూ మనుషుల్ని పంపిన తీరులో తెలుస్తుంది. అద్దా అనే శిష్యుడు రోమన్ రాజ్యం వైపు వెళ్ళాడు. పార్థియన్ భాష వచ్చిన అమ్మో తూర్పుకు వెళ్ళాడు. ఏ దేశానికి ఆ దేశపు భాష, ఏ జనానికి ఆ జనం ఎరిగిన దేవుళ్ళ పేర్లు. పడమట మానీ ఏసుక్రీస్తుకు అపొస్తలుడు. పర్షియాలో ఆయన చెప్పిన దేవతలకు జరతుష్ట్ర మతంలోని పేర్లు. చైనా చేరేసరికి ఆయనే వెలుగు బుద్ధుడు.

ఇక్కడే అసలు విషయానికి వస్తున్నాను. తన మతం పాత మతాలకంటె ఎందుకు గొప్పదో మానీ పది కారణాలు లెక్కపెట్టాడు. ఆ పదింటిలో మొదటిది విస్తరణ. పాత మతాలు ఒక్కో దేశంలో, ఒక్కో భాషలోనే ఉండిపోయాయి, నాది అన్ని దేశాల్లో అన్ని భాషల్లో వెలుస్తుంది అన్నది ఆయన వాదం. కూరగాయల దగ్గర సంఘం మొత్తాన్నీ ఎదిరించి పరీక్ష అడిగిన కుర్రవాడే, గురువయ్యాక దేశాలు లెక్కపెట్టాడు. నేననేది ఆయన మోసగాడని కాదు. తన పని ఫలిస్తుంటే చూసుకుని సంతోషించిన మనిషిగానే నాకు కనిపిస్తాడు. కాని ఒక మాట ఎంత దూరం వెళ్ళిందన్నదీ, ఆ మాట నిజమా అన్నదీ వేరువేరు ప్రశ్నలు.

షాపూర్ పోయాడు. ఆయన కొడుకు హోర్మిజ్ద్ ఏడాదే ఏలాడు. తర్వాత మొదటి బహ్రామ్ వచ్చాడు. ఆస్థానంలో కర్తీర్ అనే జరతుష్ట్ర మతాచార్యుడి మాట చెల్లే రోజులవి. తమ మతం కాని వాళ్ళనందరినీ, యూదుల్నీ బౌద్ధుల్నీ హిందువుల్నీ క్రైస్తవుల్నీ మానీ అనుచరుల్నీ అణచివేశానని ఆయన రాతి మీద చెక్కించుకున్న శాసనం ఇప్పటికీ ఇరాన్‌లో ఉంది. బహ్రామ్ మానీని గుందేషాపూర్‌కు పిలిపించి మెడకూ చేతులకూ కాళ్ళకూ బరువైన సంకెళ్ళు వేయించాడు. ఇరవై ఆరు రోజులు ఆ సంకెళ్ళలో ఉండి మానీ కన్నుమూశాడు. అది 274 అని కొందరు, 277 అని కొందరు చరిత్రకారులు లెక్కకడతారు. అరవై ఏళ్ళ మనిషి మాట మార్చుకోకుండా ప్రాణం విడిచాడు. ఆయన బోధన ఒప్పుకోకపోయినా ఆ ధైర్యానికి తలవంచాలి.

గురువు పోయినా మతం ఆగలేదు. క్రీ.శ. 302 ప్రాంతంలో రోమన్ చక్రవర్తి డయొక్లీషియన్ ఈ మతపెద్దల్ని వాళ్ళ గ్రంథాలతో సహా కాల్చేయమని ఆజ్ఞ ఇచ్చాడంటే అప్పటికే అది ఎంత బలపడిందో ఊహించుకోవచ్చు. తూర్పున సోగ్డియన్ వర్తకులు పట్టుదారుల వెంట సరుకులతోపాటు దీన్ని మోసుకుపోయారు. 694లో చైనా రాజసభకు చేరింది. 763లో మంగోలియాను ఏలుతున్న ఉయిగుర్ల రాజు బోగూ ఖాన్ దీన్ని తన రాజ్యానికి మతంగా ప్రకటించాడు. ప్రజలు ధర్మం తప్పకుండా చూడ్డానికి పదిమందికి ఒకణ్ణి చొప్పున పెద్దగా పెట్టాడట. అప్పుడు జనాభా లెక్కలు తీసివుంటే ఆ రాజ్యంలో మానీ మతస్థులు ఒక్క ఏడాదిలో ఎన్ని రెట్లు పెరిగివుండేవారో! ఆ ఏడాది వెలుగు, చీకటుల గురించి కొత్తగా బయటపడిన నిజం మాత్రం ఏదీ లేదు. ఒక రాజు మనసు మారింది, అంతే.

తరిగినప్పుడూ ఇదే కథ. 840లో కిర్గిజ్‌లు ఉయిగుర్ రాజ్యాన్ని కూలదోశారు. అండ పోయిన మూడేళ్ళకు, 843లో, చైనా ప్రభుత్వం ఈ మతం ఆస్తులు జప్తు చేసి గుళ్ళు మూయించింది. పడమట అంతకు ముందే రోమన్ శాసనాలు దాన్ని నలిపేశాయి. పర్షియాలో బహ్రామ్ కాలంలోనే వేట మొదలైంది. చివరికి దక్షిణ చైనాలోని ఫుజియాన్ కొండల్లో కొంతకాలం తలదాచుకుంది. అంతా మాయమయ్యాక తుర్ఫాన్ ఎడారిలో 1902 నుంచి 1914 దాకా జర్మన్లు తవ్వితేనూ, ఈజిప్టులో 1929 ప్రాంతంలో పాత పుస్తకాలు దొరికితేనూ ఆ మతం మాట ఆ మతం నోటనే వినే అవకాశం లోకానికి వచ్చింది.

కత్తివేటుకు పోయింది గనక అది అబద్ధమనడం కూడా తలల లెక్కే, తిరగేసి వేసినదే. కోట్లమంది ఉండటం ఋజువు కానప్పుడు ఎవరూ మిగలకపోవడం ఖండన ఎలా అవుతుంది? ఈ సంగతి నాకు దగ్గరిది. మా ఊరి పోలేరమ్మకు మా ఊరే లోకం. ఊరి పొలిమేర దాటితే ఆమె పేరు ఎవరికీ తెలియదు. మంది లెక్కే కొలత అయితే మా అమ్మ ఏటా నైవేద్యం పెట్టే ఆ తల్లి, కోట్లమంది కొలిచే దేవుళ్ళ ముందు ముందే ఓడిపోయినట్టు. పోలేరమ్మ ఉందని గాని లేదని గాని నేను వాదించడం లేదు. గడపల సంఖ్య చూసి ఎవరో తేల్చేయడం మాత్రం న్యాయం కాదంటున్నాను.

మరి దేన్ని బట్టి తేల్చుకోవాలి? మానీ మతంలోనే ఒక దారి ఉంది. చంద్రుడు ఒక ఓడ అని ఆయన చెప్పాడు. భూమి నుంచి విడుదలైన వెలుగు పదిహేను రోజులు అందులో నిండుతుంది, అది పౌర్ణమి. తర్వాత ఆ వెలుగును సూర్యుడికి అందించి ఓడ ఖాళీ అవుతుంది, అది అమావాస్య. అందమైన ఊహ, కాదనను. అయితే ఇది ఆకాశం వైపు చూసి పరీక్షించగల మాట.

ఆ పరీక్ష చేసినవాడు అగస్టీన్. ఉత్తర ఆఫ్రికాలో, నేటి అల్జీరియాలో, 354లో పుట్టాడు. మన వయసులోనే, పందొమ్మిదో ఏట, మానీ మతంలో శ్రోతగా చేరి తొమ్మిదేళ్ళు ఉన్నాడు. ఖగోళ గణితం తెలిసిన పండితుల పుస్తకాలు చదివాడు. వాళ్ళు గ్రహణాలు ఏ రోజు ఏ వేళకు వస్తాయో ముందే లెక్కకట్టేవారు, అవి అలాగే వచ్చేవి. మానీ గ్రంథాల్లో అలాంటి లెక్క ఆయనకు కనపడలేదు. సందేహం అడిగితే మావాళ్ళలో ఫౌస్టస్ అనే గొప్ప పండితుడున్నాడు, ఆయనొచ్చి తీరుస్తాడన్నారు. ఫౌస్టస్ వచ్చాడు. తీయగా మాట్లాడాడు. అసలు ప్రశ్న దగ్గరికొచ్చేసరికి ఆ లెక్కలు తనకు తెలియవని నిజాయితీగా ఒప్పుకున్నాడు. అగస్టీన్ నమ్మకం అక్కడ సడలింది. తర్వాత ఆయన క్రైస్తవంలో చేరి బిషప్ అయ్యాడు. ఆ మతానికి ఆ తర్వాత కోట్లమంది చేరారు. ఆ కోట్లు కూడా దానికి ఋజువు కాజాలవు. ఒకే కొలతతో అందరినీ కొలవాలి కదా.

ఇంకో విచిత్రం చూడండి. గ్రహణాల లెక్క పుట్టింది మానీ పుట్టిన గడ్డమీదే. 223 చాంద్రమాసాలకు, అంటే సుమారు 18 ఏళ్ళ 11 రోజులకు, గ్రహణాలు తిరిగి అదే వరసలో వస్తాయని బాబిలోనియా గుళ్ళలోని లేఖకులు ఆయనకు ఎన్నో వందల ఏళ్ళ ముందే మట్టిపలకల మీద రాసిపెట్టారు. మానీ పుట్టేనాటికి ఆ లిపి చదివేవాళ్ళే దాదాపు కరువయ్యారు. ఆ విద్య ఎప్పుడూ గుప్పెడుమందిదే. అయినా గ్రహణాలు వాళ్ళ లెక్క ప్రకారమే వచ్చాయి. కొన్ని దేశాలు నమ్మిన చంద్రుడి ఓడ మాత్రం ఒక్క గ్రహణాన్నీ ముందుగా చెప్పలేకపోయింది.

ఇంతమంది అనుభవం లెక్కలోకి రాదా అని మిత్రులు అడుగుతారు. వస్తుంది, ఎవరికి వారు విడిగా చూసి చెప్తే వస్తుంది. ల్యాబులో నలభైమంది నలభై లోలకాలు ఊపి కాలం కొలిస్తే ఆ సగటుకు విలువ ఉంటుంది. ఒకడు కొలిచింది మిగతా ముప్పై తొమ్మిదిమందీ రికార్డులో ఎక్కించుకుంటే అక్కడ ఉన్నది ఒక్క కొలతే. మతం మనకు ఉగ్గుపాలతో వస్తుంది. మనలో ఎందరం విడిగా కొలిచి చూశాం? రైతుకు ఇది కొత్త సంగతి కాదు. ఊరంతా ఒకే రకం విత్తనం కొన్నా, తెలిసిన రైతు తడిపిన గోనెపట్టాలో నూరు గింజలు చుట్టిపెట్టి, మొలిచినవి లెక్కపెట్టి గాని విత్తు వేయడు. కొన్నవాళ్ళ సంఖ్య కొట్టువాడి పలుకుబడి చెప్తుంది. గింజలో జీవముందో లేదో పట్టా విప్పితే గాని తెలియదు.

రైతుల మాట వచ్చింది గనక ఇదీ చెప్పాలి. మానీ మతంలో రెండు తరగతులుండేవి. ఎంపికైనవారు అనే సన్యాసులు మొక్క తుంచరు, నేల దున్నరు. ఎందుకంటే చెట్టులోని వెలుగుకు గాయమవుతుంది. శ్రోతలనే సామాన్యులు దున్ని, కోసి, వండి వాళ్ళకు తెచ్చిపెట్టాలి. రొట్టె అందుకున్న సన్యాసి ఈ గింజ నేను కోయలేదు, ఈ పిండి నేను విసరలేదు అని పలికి మరీ తినేవాడట. ఆ పాపం తెచ్చినవాడిది. అరక పట్టిన ఇంట్లో పుట్టినవాణ్ణి, ఇది చదివినప్పుడు నాకు కష్టం వేసింది. అయితే నాకు కష్టం వేసినంత మాత్రాన ఆ బోధ అబద్ధమైపోదు. నాకు నచ్చకపోవడం ఒక్క తల లెక్క, అంతకంటె ఏమీ కాదు. పరీక్ష చేయగలిగిన చోట చేయాలి. చేయలేని చోట, వెలుగూ చీకటీ రెండు మూలాలా ఒకటా అన్నలాంటి ప్రశ్నల దగ్గర, తెలియదని ఊరుకునే ఓపిక కావాలి. ఆ ఖాళీని జనాభా లెక్కలతో పూడ్చకూడదు.

అలాగని మంది లెక్క పూర్తిగా పనికిరానిదని కాదు. అది వేరే సంగతులు చెప్తుంది. ఏ దారుల వెంట వర్తకులు నడిచారో, ఏ రాజు ఎవరిని ఆదరించాడో, ఏ శిష్యుడికి ఎన్ని భాషలు వచ్చో చెప్తుంది. అన్నిటికంటె ముఖ్యంగా మనుషుల్ని ఏ బాధ తినేస్తున్నదో చెప్తుంది. మానీ చుట్టూ చేరిన జనం చెడు ఎక్కడిదని అడిగి అడిగి అలసినవాళ్ళు. వాళ్ళ ప్రశ్న నిజమైనది. జవాబు నిజమా కాదా అన్నది వేరే విచారణ.

ఫుజియాన్‌లో జిన్‌జియాంగ్ దగ్గర త్సావ్-ఆన్ అనే చిన్న గుడి ఉంది. అందులో 1339లో రాతిలో చెక్కిన మానీ విగ్రహం ఇప్పటికీ నిలిచివుంది. పొడుగాటి గడ్డం, వెనకాల కిరణాలు. తరతరాలుగా ఆ చుట్టుపక్కల జనం ఆయన్ని బుద్ధుడనుకుని అగరొత్తులు వెలిగిస్తూ వచ్చారు. క్వాంజౌ నగరపు చారిత్రక స్థలాల్లో ఒకటిగా 2021లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడికి వచ్చే జనాన్ని లెక్కపెట్టి మానీ మతం గురించి ఏం తేల్చగలం?

మిత్రులారా, రేపు ఎవరైనా తమ మతం వెనక ఇన్ని కోట్లమంది ఉన్నారని చెప్తే వాళ్ళతో తగవు పెట్టుకోనక్కర్లేదు, లొంగిపోనూ అక్కర్లేదు. కూరగాయల ముందు నిలబడి ఆ బాబిలోనియా కుర్రవాడు అడిగిన ప్రశ్నే అడుగుదాం. కడిగినదానికీ కడగనిదానికీ తేడా ఏమిటో చూపించమందాం. చూపించగలిగితే ఆ మనిషి ఒంటరివాడైనా విందాం.